గండికోట క్యాంపింగ్‌కి 2000 వాట్ల ఇన్వర్టర్ సరిపోతుందా?

వీకెండ్_గుడారం
అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవులకి ఇంటిల్లిపాదీ హైదరాబాద్ నుంచి గండికోట వెళ్తున్నాం, రెండు రాత్రులూ టెంట్లలోనే. మొత్తం ఎనిమిది మందిమి. నాన్నగారికి స్లీప్ ఆప్నియా ఉంది, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది, మాస్క్‌లోంచి గాలి పంపే సీప్యాప్ మెషిన్ లేకుండా పడుకోలేరు. హోటల్ అంటే పిల్లలు ఒప్పుకోవట్లేదు, పెన్నా లోయ అంచునే పడుకుని పొద్దున సూర్యోదయం చూడాలట. బండి స్కార్పియో. ఆన్‌లైన్‌లో 2000 వాట్ల కార్ ఇన్వర్టర్ ఒకటి నాలుగున్నర వేలకే కనిపించింది, దాన్ని బండి బ్యాటరీకి తగిలించి ఇండక్షన్ స్టవ్, మిక్సీ, నాలుగు లైట్లు, అందరి ఫోన్లు, నా ల్యాప్‌టాప్, నాన్న మెషిన్ అన్నీ దాని మీదే లాగించేద్దామని నా ఆలోచన. సరిపోతుందా, ఇంకా పెద్దది తీసుకోవాలా?

వోల్టు_మేస్త్రి
ఇంకా పెద్దది కాదు తమ్ముడూ, ఇంకా చిన్నది తీసుకోవాలి. 12 వోల్టుల ఇన్వర్టర్ దగ్గర ఒక్క లెక్క గుర్తుపెట్టుకో చాలు. వాట్లని పదితో భాగిస్తే బ్యాటరీ నుంచి లాగే ఆంపియర్లు వస్తాయి, లోపల పోయే నష్టం కూడా అందులోనే కలిసిపోతుంది. 1000 వాట్లకి వంద ఆంపియర్లు, 2000కి రెండొందలు. రెండొందల ఆంపియర్లు అంటే వెల్డింగ్ మెషిన్ నడిపేంత కరెంటు, దానికి బొటనవేలంత రాగి కేబుల్ కావాలి. నువ్వు చూసిన దాని పెట్టెలో వచ్చే ఎర్ర నల్ల వైర్లు ఫొటోలో ఒకసారి పెద్దది చేసి చూడు, పెన్సిల్ మందం కూడా ఉండవు. ఆ వైర్లే చెప్పేస్తున్నాయి అది 2000 వాట్లది కాదని. ఈ చౌక రకాల్లో పైన పెద్ద అక్షరాలతో వేసేది సెకను కూడా నిలవని పీక్. ఆగకుండా ఇచ్చేది అందులో సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

ఇక బండి బ్యాటరీ. అది స్టార్టింగ్ కోసం పుట్టింది, రెండు మూడు సెకన్లు గట్టిగా తన్ని ఊరుకోవడం దాని పని. డెబ్బై ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఆంపియర్లని గంటలతో గుణించిన లెక్క) లోపే ఉంటుంది, అందులో సగం దాటి వాడితే రెండో రోజు పొద్దున బండి స్టార్ట్ కాదు, పది సార్లు అలా చేస్తే బ్యాటరీయే పోతుంది. పన్నెండు వోల్టుల సాకెట్‌కి పెడదామా అంటే దాని మీదే 120 వాట్లు అని రాసి ఉంటుంది, వెనక ఫ్యూజ్ పది పదిహేను ఆంపియర్లది. అందుకే బండి బ్యాటరీ జోలికి పోకుండా విడిగా ఒక లిథియం బ్యాటరీ తీసుకో.

బొలెరో_బాబాయ్
గండికోట మా పక్కనే, జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. సీజన్‌లో ఈ యవ్వారం నేను రోజూ చూస్తుంటా. పొద్దున ఏడింటికి ఎవరో ఒకరు వచ్చి అన్నా జంప్ కేబుల్ ఉందా అంటారు. అందరిదీ ఒకటే కథ, రాత్రంతా సీరియల్ లైట్లు, స్పీకర్.

నా సలహా అడిగితే ఇంట్లో ఇన్వర్టర్ ఉంటది కదా, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో సహా ఎత్తి డిక్కీలో పెట్టుకొని రా. కొత్తగా రూపాయి ఖర్చు లేదు. ఏదైనా అయితే ప్రొద్దుటూరులో ఏ మెకానిక్ అయినా చూస్తాడు. ఈ లిథియం గిథియం మీ హైదరాబాద్ సోకులు.

వోల్టు_మేస్త్రి
బాబాయ్, పెద్దవారు, కాదనలేను గానీ ఆ ట్యూబులర్ యాసిడ్‌తో కలిపి యాభై కిలోల పైమాటే. ఇద్దరు పట్టి ఎత్తాలి. ఘాట్ మలుపుల్లో వంగిందంటే మూతల సందుల్లోంచి యాసిడ్ కారుతుంది, కార్పెట్ పోతుంది, కింద రేకు పోతుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, అద్దాలు మూసిన బండిలో జనాలతో పాటు దాన్ని పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మీలా ట్రక్కు వెనకాల ఓపెన్‌గా, బెల్టులతో కట్టేసి తీసుకెళ్తే వేరు సంగతి.

ఇంకోటి, 150 ఏహెచ్ అని రాసింది ఇరవై గంటల పాటు మెల్లగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే లెక్క. ఎనభై ఆంపియర్లు లాగితే అందులో చాలా భాగం అసలు దక్కదు. అదీ సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకూడదు కాబట్టి, 150 ఏహెచ్‌ని 12 వోల్టులతో గుణిస్తే వచ్చే 1800 వాట్ అవర్లలో చేతికొచ్చేది మహా అయితే 900.

బొలెరో_బాబాయ్
నేను ఓపెన్ ట్రక్కులోనే పెడతాలే. నాకు తొమ్మిదేళ్ల నుంచి ఇదే నడుస్తాంది, బ్యాటరీ మాత్రం మధ్యలో మారింది.

నిద్ర_టెక్నీషియన్
ఈ చర్చలో నాకు ముఖ్యంగా కనిపించింది మీ నాన్నగారి విషయం, అందుకే రాస్తున్నా. నేను స్లీప్ ల్యాబ్‌లో పని చేస్తాను. సీప్యాప్ మెషిన్‌ని మిక్సీ, ఇండక్షన్ ఉన్న లైన్ మీద పెట్టకండి. ఎవరో అర్ధరాత్రి కెటిల్ ఆన్ చేస్తే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అయి ట్రిప్ అవుతుంది, మాస్క్ పెట్టుకుని నిద్రలో ఉన్న పెద్దాయనకి గాలి ఆగిపోతుంది. ప్రాణాపాయం అని భయపెట్టడం లేదు, మాస్క్‌లో బయటి గాలికి దారి ఉంటుంది, కానీ నిద్ర మాత్రం పాడవుతుంది, ఆయన మళ్లీ ఎక్కడికీ రానంటారు.

అసలు దానికి ఇన్వర్టరే అక్కర్లేదు. మెషిన్ అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఎన్ని వోల్టులో చూడండి. కొన్ని 12, చాలావరకు 24 వోల్టుల డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు) మీద నడుస్తాయి. 12 నుంచి 24 చేసే డీసీ కన్వర్టర్ ఆ మెషిన్ కంపెనీయే అమ్ముతుంది, అదే తీసుకోండి, పిన్ సరిపోతుందిలే అని వేరేది వద్దు. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్, వేడి ట్యూబు ఆపేస్తే మామూలు ప్రెషర్‌లో సుమారు ముప్పై వాట్లు తీసుకుంటుంది. అవి ఆన్‌లో ఉంటే రెండు మూడు రెట్లు. రెండు రాత్రులు ఆపితే గొంతు కాస్త ఆరినట్టు ఉంటుంది. ఆపొచ్చా లేదా అన్నది మాత్రం మీ డాక్టర్‌ని ఒక మాట అడిగి చేయండి.

వీకెండ్_గుడారం
థాంక్స్ మేడమ్, అడాప్టర్ మీద 24 అనే ఉంది. బ్యాటరీ నుంచి ఇంటి కరెంటులాంటి ఏసీ చేసి, మళ్లీ అడాప్టర్‌లో డీసీ చేసి అన్నమాట ఇన్నాళ్లూ నా బుర్రలో ఉన్న ప్లాన్. మరి ఇండక్షన్ సంగతి? మా ఆవిడ గాలికి గ్యాస్ పొయ్యి ఆరిపోతుందని అంటోంది.

నల్లమల_నడక
గాలి నిజమే, గండికోట అంచున సాయంత్రం బాగా వీస్తుంది. పొయ్యి చుట్టూ మూడు వైపులా రేకు అడ్డం పెట్టండి, అది వంద రూపాయల పని. వేడి చేసే పనులన్నీ బ్యాటరీకి శత్రువులే. అన్నం, టీ, వేడి నీళ్లు, ఇస్త్రీ, హెయిర్ డ్రయ్యర్, అన్నీ. కిలో గ్యాస్‌లో దాదాపు 12 యూనిట్ల (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు) వేడి ఉంటుంది. పొయ్యి అందులో సగం గాలికి వదిలేసినా ఆరు యూనిట్లు గిన్నెకి చేరతాయి. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ మొత్తం కలిపితే యూనిట్టుంబావు. ఎనిమిది మందికి రెండు పూటలు ఇండక్షన్ మీద వండితే బ్యాటరీ అక్కడే అయిపోతుంది, రాత్రి లైటుకి కూడా మిగలదు. ఐదు కిలోల చిన్న సిలిండర్ తెచ్చుకోండి, మిగిలింది ఇంటికి పట్టుకెళ్లండి. టెంట్ లోపల మాత్రం వెలిగించొద్దు, చలిగా ఉందని కూడా.

వీకెండ్_గుడారం
సరే, ఇండక్షన్ కట్. మిక్సీ మాత్రం కావాలట. పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ లేకపోతే మామగారు పళ్లెం ముట్టరు.

వోల్టు_మేస్త్రి
మిక్సీలో విచిత్రం ఏంటంటే అది తాగే కరెంటు అసలు లెక్కలోకే రాదు. 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిప్పినా అరవై వాట్ అవర్లు, మూడు ఫోన్లు ఛార్జ్ చేసినంత. కానీ స్విచ్ తిప్పగానే ఆ క్షణంలో మోటార్ రెండు మూడు రెట్లు లాగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం నువ్వు 1500 వాట్ల మంచి ప్యూర్ సైన్ (ఇంటి కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే ఇన్వర్టర్) కొనాలి, దాని కోసం లావు కేబుల్, పెద్ద ఫ్యూజ్, బ్యాటరీ బీఎంఎస్ (లోపల కాపలా కాసే సర్క్యూట్) కూడా అంత ఇవ్వాలి. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీల్లో ఎక్కువ వాటికి బీఎంఎస్ 100 ఆంపియర్ల దగ్గర కట్ చేసేస్తుంది. అంటే వెనక ఎంత పెద్ద ఇన్వర్టర్ ఉన్నా 1000 వాట్లు దాటి నువ్వు వాడలేవు. పది నిమిషాల చట్నీ కోసం ఇంత సెటప్పా?

చౌక రకం మాడిఫైడ్ సైన్ ఇన్వర్టర్ మీద నడిపితే ఇంకో బాధ, అది అసలు సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా వచ్చే కరెంటు. మిక్సీ గుయ్ మంటుంది, మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్లు చాలావరకు తట్టుకుంటాయి గానీ కొన్ని ఛార్జర్లు, మెడికల్ సామాను దాని మీద పెట్టొద్దు. ధరలో తేడా ఉన్నా ప్యూర్ సైన్ తప్ప ఇంకోటి కొనకు.

పప్పుల_పొడి
చట్నీ సమస్యకి ఇంజనీరింగ్ అక్కర్లేదండీ. ఇంటి దగ్గరే పల్లీలు, పుట్నాలు, ఎండుమిర్చి వేయించి ఉప్పు చింతపండు వేసి పొడి కొట్టి డబ్బాలో పెట్టుకోండి. అక్కడ వేడి నీళ్లు పోసి కలిపి తాలింపు పెడితే చట్నీ. మామగారికి చెప్పకుండా పెట్టి చూడండి. ఇంకా కావాలంటే చిన్న కచ్చాపచ్చా రోలు ఒకటి డిక్కీలో పడేసుకోండి.

బొలెరో_బాబాయ్
ఇది కరెక్ట్. కారప్పొడి, నెయ్యి ఉంటే రాయలసీమలో ఇడ్లీకి ఇంకేం కావాల.

డాలస్_సుబ్బు
నేను ఇక్కడ టెక్సాస్ స్టేట్ పార్కులకి ఫ్యామిలీతో పోతుంటా. ఈ వైరింగ్ గోలంతా లేకుండా పవర్ స్టేషన్ ఒకటి కొనుక్కుంటే అయిపోతుంది కదా బ్రో? బ్యాటరీ, ఇన్వర్టర్, ఛార్జర్ అన్నీ ఒకే డబ్బాలో. 1000 వాట్ అవర్లది పన్నెండు కిలోల దాకా ఉంటుంది, యూఎస్‌బీ పోర్టులు, 12 వోల్టుల సాకెట్ అన్నీ దాని మీదే. సంక్రాంతికి మా తమ్ముడు ఇండియా వస్తున్నాడు, ఇక్కడ సేల్‌లో కొని పంపించమంటావా?

వోల్టు_మేస్త్రి
సుబ్బు గారూ, ఐడియా బాగుంది, పంపడం కుదరదు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో చేతి సంచీలో గానీ చెక్-ఇన్‌లో గానీ ఎక్కించనివ్వరు. వంద దాకా మామూలుగా, వంద నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో. పైగా అక్కడి డబ్బా ఇచ్చేది 120 వోల్టులు, మన సామాను 230. మన దగ్గర 230 మీద పనిచేసేది దొరుకుతుంది, రేటు ఎక్కువ, అంతే. వైరింగ్ చేతకాదు, టెన్షన్ వద్దు అనుకునేవాళ్లకి అదే మేలు, నేనూ అదే చెప్తా. విడిగా కట్టుకుంటే లాభం ఏంటంటే ఏది పోయినా అది ఒక్కటే మార్చుకోవచ్చు.

లంబసింగి_చలి
మధ్యలో ఒక మాట. మా వైపు డిసెంబరు, జనవరిలో వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, వాడుకోవచ్చు గానీ ఛార్జ్ పెట్టకూడదు, సెల్స్ లోపల శాశ్వతంగా దెబ్బతింటాయి. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో ఆ దగ్గరికి పోతుంది. ఎండ ఎక్కాకే సోలార్ ప్యానెల్ కలపండి. గండికోటలో ఆ చలి ఉండదు కాబట్టి ఈయనకి భయం లేదు.

వీకెండ్_గుడారం
ఇప్పుడు నా లెక్క ఇలా ఉంది, తప్పులుంటే దిద్దండి. నాన్న మెషిన్ 30 వాట్లు ఎనిమిది గంటలు, 240. ఫోన్లు ఎనిమిది, ఒక్కోదానికి 20 చొప్పున 160. ఐదు వాట్ల లైట్లు నాలుగు ఐదు గంటలు, వంద. ల్యాప్‌టాప్ ఒకసారి, 65. మొత్తం రాత్రికి 565. నష్టాలు కలుపుకుని 650 అనుకున్నా. 100 ఏహెచ్ లిథియం, 12.8 వోల్టులు, అంటే 1280. రెండు రాత్రులకి సరిగ్గా అంచుమీద ఉంది. ల్యాప్‌టాప్ కూడా టైప్-సి కాబట్టి 65 వాట్ల కార్ ఛార్జర్‌తో డీసీ నుంచే. మరి ఇన్వర్టర్ దేనికి అని నాకే డౌటొచ్చింది ఇప్పుడు.

నిద్ర_టెక్నీషియన్
బ్యాకప్‌కి ఉండాలి. ఆ డీసీ కన్వర్టర్ రాత్రి రెండింటికి మొరాయిస్తే మామూలు అడాప్టర్ పెట్టుకోవడానికి 300 వాట్లో 500 వాట్లో చిన్న ప్యూర్ సైన్ ఒకటి. రెండు దారులు ఉండాలి ఆయనకి.

వోల్టు_మేస్త్రి
మేడమ్ చెప్పింది సరే. 500 వాట్ల ప్యూర్ సైన్, యాభై ఆంపియర్లు. మామూలప్పుడు ఆఫ్ చేసి ఉంచు, ఖాళీగా ఆన్‌లో ఉన్నా తాగుతుంది. పెద్ద చౌక ఇన్వర్టర్లు ఏ లోడూ లేకుండా ఒకటిన్నర ఆంపియర్ దాకా తీసుకుంటాయి, పది గంటలకి 180 వాట్ అవర్లు, మీ నాన్నగారి రాత్రిలో ముప్పాతిక భాగం ఊరికే పోయినట్టు.

అంచుమీద ఉందన్నావు కదా, పగలు బెలుం గుహలకి వెళ్తారు ఎలాగూ, అరవై కిలోమీటర్లు. బండిలో 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ (బండి నడుస్తుండగా లిథియం బ్యాటరీని నింపేది) పెట్టించు, రానుపోను మూడు గంటల డ్రైవింగ్‌లో అరవై ఏహెచ్ దాకా ఎక్కుతుంది, హైదరాబాద్ నుంచి వచ్చేసరికి బ్యాటరీ నిండుగా ఉంటుంది. ఉత్త రిలే, అంటే స్విచ్‌లాంటి దానితో రెండు బ్యాటరీలు కలిపేయడం పాత బండ్లలో నడిచింది, బీఎస్6 బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) వోల్టేజ్ ఒక్కోసారి తగ్గించేస్తుంది, లిథియం సరిగ్గా ఎక్కదు. టెంట్ పక్కన ఇంజన్ ఆన్ చేసి ఛార్జ్ పెడదామని మాత్రం అనుకోవద్దు, పొగ నేరుగా టెంట్లోకి పోతుంది.

ఇప్పుడు వైరింగ్. ఇక్కడే అందరూ కక్కుర్తి పడతారు. బ్యాటరీకి ఇన్వర్టర్‌కి మధ్య దూరం మీటర్ లోపే ఉంచు, దూరం కావాలంటే 230 వైపు ఎక్స్‌టెన్షన్ పొడుగు పెట్టుకో. 16 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ తీసుకో, తీగలు సన్నగా వందల్లో ఉంటాయి, మెత్తగా వంగుతుంది. షాపువాడి ముందే చివర కొద్దిగా గీరి చూడు, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత, వద్దు. పోనూ రానూ రెండు మీటర్లు, యాభై ఆంపియర్లకి వోల్టులో పదో వంతు పడిపోతుంది, పర్వాలేదు. అదే పెట్టెలో వచ్చే నాలుగు స్క్వేర్ వైరైతే దాదాపు అర వోల్టు తినేస్తుంది, బ్యాటరీలో ఛార్జ్ ఉండగానే ఇన్వర్టర్ లో-బ్యాటరీ అని పీప్ పీప్ అంటుంది. జనం బ్యాటరీని తిడతారు, దొంగ వైరు.

లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు కళ్లు) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించు, సుత్తితో కొట్టించుకోవద్దు. ప్లస్ వైర్‌కి ఫ్యూజ్, 70 ఆంపియర్లది, బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే. ఇన్వర్టర్ దగ్గర పెడితే లాభం లేదు, మధ్యలో వైరు రాపిడికి తోలు ఊడి బాడీకి తగిలితే కాపాడేది బ్యాటరీ పక్కన ఉన్న ఫ్యూజే. ఇంట్లో మిగిలిపోయిన ఎంసీబీ (మీటర్ బోర్డులో ట్రిప్ అయ్యే స్విచ్) ఉంది కదా అని అది పెట్టొద్దు. ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది, అందుకే లోపల మెరుపు ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా రాదు, కాంటాక్టుల మధ్య మెరుపు అలాగే మండుతూ ఉంటుంది.

కలిపేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. ప్లస్ తాకించగానే టప్ అని నిప్పురవ్వ వస్తుంది, అది ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం. అది ఇష్టం లేకపోతే ముందు ఇండికేటర్ బల్బు ఒకటి మధ్యలో పెట్టి రెండు సెకన్లు ఆగు, బల్బు వెలిగి ఆరిపోయాక అసలు వైరు బిగించు. ప్లస్ మైనస్ తారుమారైతే మాత్రం లోపల ఫ్యూజ్‌తో ఆగొచ్చు, బోర్డే పోవచ్చు.

అంతా అయ్యాక పది నిమిషాలు లోడ్ పెట్టి, ఆఫ్ చేసి, ఒక్కో లగ్గునీ ఫ్యూజ్ హోల్డర్నీ వేలితో తాకి చూడు. ఏది మిగతావాటికన్నా వేడిగా ఉందో అది లూజు.

నల్లమల_నడక
ఇన్వర్టర్‌ని టెంట్ లోపల, దుప్పట్ల కింద పెట్టేవాళ్లని చూశాను. దాని ఫ్యానుకి గాలి ఆడాలి. మధ్యాహ్నం ఎండలో బండిలో వదిలేసినా వేడికే ట్రిప్ అవుతుంది. అలాగే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద పెట్టకండి, మంచుకి తడుస్తుంది, కుర్చీ మీదో రాయి మీదో పెట్టండి. బయటొచ్చేది ఇంట్లో వచ్చే 230 వోల్టులే, చిన్న డబ్బా కదా అని పిల్లల్ని దగ్గరికి పోనివ్వద్దు.

వీకెండ్_గుడారం
మేస్త్రి గారూ, 70 ఆంపియర్ల ఫ్యూజ్ మా ఏరియాలో ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే తెల్లమొహం వేశారు.

వోల్టు_మేస్త్రి
కార్ ఆడియో షాపులో అడుగు. ఆంప్లిఫయర్లకి వేసే ఏఎన్ఎల్ ఫ్యూజ్, హోల్డర్‌తో సహా ఇస్తాడు. 70 లేకపోతే 60 తీసుకో, 100 మాత్రం ఇచ్చినా వద్దను. ఫ్యూజ్ ఉన్నది వైరుని కాపాడటానికి.

వీకెండ్_గుడారం
దొరికింది, 60ది. అన్నీ బిగించి నిన్న రాత్రి ఇంట్లోనే ట్రయల్ వేశాం. నాన్న హాల్లో, మెషిన్ బ్యాటరీ మీద, హ్యుమిడిఫైయర్ ఆఫ్. డాక్టర్ సరే అన్నారు. పొద్దున మీటర్ చూస్తే 20 ఏహెచ్ వాడింది. నాన్న నిద్ర బాగా పట్టిందన్నారు, గొంతు కొంచెం ఆరిందట. అమ్మ మాత్రం ఇదంతా ఇంట్లో పడుకోవడానికా అని అడుగుతోంది.

నిద్ర_టెక్నీషియన్
మాస్క్ కింద ముక్కు దగ్గర పొడిగా ఉంటే పడుకునే ముందు సెలైన్ స్ప్రే వాడొచ్చేమో అడగండి. స్పేర్ ఫిల్టర్ ఒకటి పెట్టుకోండి, అక్కడ దుమ్ము ఎక్కువ.

బొలెరో_బాబాయ్
తమ్ముడూ, కోటలోకి రాకముందే జమ్మలమడుగులో నీళ్లు, గ్యాస్, కూరగాయలు అన్నీ తీసుకో, పైన రేట్లు ఎక్కువ. టెంట్ మరీ అంచుకి వేయొద్దు, గాలికి మేకులు నిలబడవు, అది బండరాయి నేల, తాళ్లకి రాళ్లు కట్టాల్సిందే. బ్యాటరీ మిగిలిందని స్పీకర్ మాత్రం తీయొద్దు, పక్క టెంట్లో మావాళ్లే ఉంటారు.